సొట్ట పడే చక్రమా, పగిలే చక్రమా? కొండ దారికి స్టీలు డిస్కులు, అలాయ్ వీల్స్

మారేడుమిల్లి దాటాక అడవిలోకి చీలే ఒక రాళ్ళ దారిలో, వానలు తగ్గిన కొత్తలో రెండు మహీంద్రా థార్‌లు వేసుకుని వెళ్ళాం. ముందు మా బావమరిది బండి, దానికి 16 అంగుళాల స్టీలు డిస్కులు. వెనక నా బండి, దానికి బయట షాపులో కొన్న 18 అంగుళాల అలాయ్ వీల్స్, అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాలు. వాగు దాటి గట్టు ఎక్కే చోట నీళ్ళ కింద కనపడని రాయి ఒకటి ముందు వాడికీ తగిలింది, నాకూ తగిలింది. చప్పుడు కూడా ఇంచుమించు ఒకేలా వచ్చింది. గట్టు మీద ఆపి చూస్తే వాడి డిస్కు లోపలి అంచు అరచేతి వెడల్పున నొక్కుకుపోయింది. టైరు అంచు దగ్గర తడిలో బుడగలు లేస్తున్నాయి, గాలి మెల్లగా పోతోంది. నా చక్రానికి సొట్టేమీ పడలేదు. చేత్తో తడిమితే మాత్రం అంచు నుంచి లోపలికి రెండు అంగుళాల పొడవున, వెంట్రుక మందాన పగులు తగిలింది.

మాకు దారి చూపించడానికి వచ్చిన జీపు డ్రైవరు స్టీలు చక్రం విప్పించాడు. గాలి మొత్తం తీసేసి, చదునైన రాయి మీద పడుకోబెట్టి, చెక్క ముక్క అడ్డం పెట్టి సమ్మెటతో పదిహేను ఇరవై దెబ్బలు వేశాడు. అంచు పూర్తిగా గుండ్రంగా రాలేదు గానీ టైరు కూర్చునేంత వరకు వచ్చింది. చిన్న కంప్రెసర్‌తో గాలి పట్టి, నట్లు బిగించి, అరగంటలో బండిని నిలబెట్టేశారు. నా చక్రాన్ని ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "దీన్ని కొడితే ఇంకా చీలుద్ది సార్. స్టెప్నీ వేసుకుని ఇటు నుంచి ఇటే దిగిపోండి" అన్నాడు. స్టెప్నీ ఒక్కటే కాబట్టి ఇంకో రాయి తగిలితే దిక్కులేదు. ఆయన చెప్పినట్టే దిగిపోయాం.

స్టీలు గట్టిదా, అలాయ్ గట్టిదా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినా పెద్దగా ఉపయోగం లేదు. అడగాల్సింది వేరే: గట్టి దెబ్బ తగిలినప్పుడు ఈ చక్రం ఎలా పాడవుతుంది? అది పాడయ్యే సమయానికి మనం ఎక్కడ ఉంటాం?

ముందు లోహం సంగతి. స్టీలు ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములే. ఇంచుమించు మూడో వంతు. కానీ వంగకుండా నిలబడే బిగువులో కూడా అల్యూమినియం స్టీలుకు మూడో వంతే. అందుకే స్టీలు డిస్కుని మూడు నాలుగు మిల్లీమీటర్ల రేకుతో చేస్తే సరిపోయే చోట, అలాయ్‌ని చాలా మందంగా పోయాల్సి వస్తుంది. బరువులో మిగిలిన లాభం సగానికి పైగా అక్కడే ఖర్చయిపోతుంది. అలాయ్ అంటే దూదిపింజలా ఉంటుందని ఊహించుకుని రెండు చేతులతో ఎత్తి చూసినవాళ్ళు ఆశ్చర్యపోయేది ఇందుకే.

తయారీ కూడా తెలియాలి, ఎందుకంటే పగిలే గుణం అక్కడి నుంచే వస్తుంది. స్టీలు చక్రంలో రెండు ముక్కలు ఉంటాయి. టైరు కూర్చునే గుండ్రటి రిమ్‌ని రేకు చుట్టి చేస్తారు, నట్లు పట్టే మధ్య భాగాన్ని ప్రెస్సులో నొక్కి చేస్తారు, రెండింటినీ వెల్డింగ్ చేస్తారు. మామూలు అలాయ్ వీల్ పోత సరుకు. సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని కరిగించి అచ్చులో పోస్తారు. తర్వాత కొలిమిలో 540 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్ళలో చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి పెట్టి గట్టిపరుస్తారు. టీ6 అనే మాట కొన్ని వీల్స్ మీద కనిపిస్తుంది చూడండి, అది ఈ పనికి గుర్తు.

చక్రాలకు వాడే రకం మెత్తటి స్టీలుని లాగితే తెగే ముందు నూటికి పాతిక వంతుల దాకా సాగుతుంది. పోత అల్యూమినియం అయిదు నుంచి పది వంతులు సాగేసరికి తెగిపోతుంది. పోతలో కంటికి కనపడని గాలి బుడగలు ఉంటే అంత కూడా సాగదు. రాయి తగిలినప్పుడు చక్రానికి అందిన శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. స్టీలు వంగుతూ, సాగుతూ ఆ శక్తిని మింగేస్తుంది, మనకు సొట్ట మిగులుతుంది. పోత అలాయ్ చిన్న దెబ్బలకు చెక్కుచెదరదు, చాలాసార్లు స్టీలు సొట్టపోయే దెబ్బకు కూడా అది నిలబడుతుంది. దాని హద్దు దాటిందంటే మాత్రం మధ్యలో మెట్టు అంటూ ఏమీ లేదు, పగులే.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. అల్యూమినియం చక్రాలన్నీ ఒక్క జాతి కావు. ఫ్లో ఫార్మింగ్ అని ఇంకో పద్ధతి ఉంది. మధ్య భాగాన్ని పోత పోసి, టైరు కూర్చునే చుట్టు భాగాన్ని వేడి మీద రోలర్లతో సాగదీస్తారు. ఆ ఒత్తిడికి లోహం దగ్గరపడి, సరిగ్గా రాళ్ళు తగిలే చోటే బలం పెరుగుతుంది. ఇంకా పైన ఫోర్జ్‌డ్ వీల్స్. అల్యూమినియం దిమ్మని భారీ ప్రెస్సు కింద నొక్కి చేసేవి. అవి పోత అలాయ్‌లా పుటుక్కున చిట్లవు, ముందు వంగుతాయి, బరువూ తక్కువే. కొండ దారికి వాటికి వంక పెట్టలేం, ధరకు తప్ప. ఒక ఫోర్జ్‌డ్ చక్రానికి పెట్టే డబ్బుతో స్టీలు డిస్కుల సెట్టు మొత్తం వచ్చేస్తుంది. మన దగ్గర షాపుల్లో అలాయ్ అని అమ్మేది దాదాపు అంతా పోత సరుకే కాబట్టి ఇక నుంచి నేను అలాయ్ అన్నప్పుడల్లా దాని గురించే అనుకోండి.

బాగుచేయించే విషయంలో తేడా ఇంకా పెద్దది. స్టీలుకి సమ్మెట చాలు, ఊళ్ళోకి వచ్చాక పంక్చర్ షాపులో ఇంకొంచెం సరిచేస్తారు. అలాయ్‌ని సరిచేస్తామని బోర్డులు పెట్టిన చోట్ల గ్యాస్ మంట పెట్టి, వేడెక్కించి వంపు తీస్తుంటారు. ఆ మంట తగిలిన చోట కంపెనీ కొలిమిలో గంటల తరబడి తెచ్చిన బలం కాస్తా కరిగిపోతుంది. పైకి రంగు వేసి కొత్తదానిలా ఇస్తారు. లోపల ఆ భాగం మెత్తబడి ఉంటుంది. పగులుకి వెల్డింగ్ వేసినా ఇదే కథ, అతుకు పక్కనే బలహీనమైన గీత మిగులుతుంది. పైన గీతలు పడితే రంగు వేయించండి, తప్పులేదు. పగిలిన అలాయ్‌ని వెల్డింగ్ చేయించి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు దిగడం మాత్రం వద్దే వద్దు.

స్టీలుని ఎన్నిసార్లయినా కొట్టుకోవచ్చని కూడా అనుకోకండి. ఒకేచోట పదేపదే వంచి తీస్తే అక్కడ లోహం పెళుసుబారుతుంది. వెల్డింగ్ అతుకు దగ్గర పగులు కనిపించినా, నట్టు రంధ్రాలు గుండ్రం తప్పి కోలగా మారినా ఆ డిస్కు పాత ఇనుము కొట్టుకే. కొత్తది తెచ్చుకోవడం సులువు, అదే దాని గొప్ప. థార్‌కో బొలెరోకో స్టీలు డిస్కు కావాలంటే జిల్లా కేంద్రంలో ఎక్కడో ఒకచోట పాతదైనా దొరుకుతుంది. మీ డిజైన్ అలాయ్ ఒక్కటి కావాలంటే నలభై ఫోన్లు చేయాలి. ఒక్కోసారి ఆ డిజైనే ఆపేసి ఉంటారు, సెట్టు మొత్తం మార్చాల్సి వస్తుంది.

మరి అలాయ్ ఎందుకు? తేలిక కాబట్టి. ఇందులో నిజం ఉంది. చక్రం, టైరు, బ్రేకు, యాక్సిల్ ఇవన్నీ స్ప్రింగుల కింద వేలాడే బరువు. రాయి మీద ఎక్కి దిగేటప్పుడు ఈ బరువు ఎంత తక్కువైతే సస్పెన్షన్ అంత త్వరగా టైరుని నేలకు ఆనిస్తుంది. గతుకుల రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఆ తేడా స్టీరింగ్‌లో తెలుస్తుంది. పైగా అల్యూమినియం స్టీలు కన్నా బాగా వేడిని లాగుతుంది, చువ్వల మధ్య నుంచి గాలి ఆడుతుంది. పొడవాటి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులకు అది కొంత మేలు.

కానీ లెక్క వేయండి. ఒకే సైజులో స్టీలు డిస్కుకీ పోత అలాయ్‌కీ మధ్య తేడా మహా అయితే రెండు మూడు కిలోలు. అదే బండికి రోడ్డు టైర్లు తీసి పెద్ద గళ్ళున్న మడ్ టైర్లు వేస్తే ఒక్కో చక్రానికి నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. అలాయ్‌తో మిగిల్చిన బరువుని టైరు తినేస్తుంది. 16 స్టీలు తీసేసి 18 అలాయ్ వేసినవాళ్ళకైతే అసలు ఏమీ మిగలదు, ఆ సైజు పోత అలాయ్ ఒక్కోసారి పాత డిస్కు కన్నా బరువే ఉంటుంది. అడుగు వేగంతో రాళ్ళెక్కే చోట రెండు కిలోల తేడా ఎవరికీ తెలియదు. హైవే మీద రోజూ నూరు కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు తెలుస్తుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ వాగు గట్టుకి వస్తాను. చాలాకాలం ఆ రోజు తప్పంతా అల్యూమినియందే అనుకున్నాను. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే అసలు దోషి ఇంకొకటి అని తేలింది. 2020లో వచ్చిన థార్‌ని తీసుకోండి. ఏఎక్స్ రకానికి 245/75 ఆర్16 టైర్లు, స్టీలు డిస్కులు. ఎల్ఎక్స్ రకానికి 255/65 ఆర్18 టైర్లు, అలాయ్ వీల్స్. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు నూటికి ఎన్ని వంతులో చెబుతుంది. 245లో నూటికి 75 అంటే దాదాపు 184 మిల్లీమీటర్లు. 255లో 65 అంటే 166. అంటే మా బావమరిది బండిలో రాయికీ రిమ్ముకీ మధ్య నా బండిలో కన్నా 18 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి ఎక్కువ ఉన్నాయి.

రోడ్డు మీద ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. అడవి దారిలో పట్టించుకోవాలి, ఎందుకంటే అక్కడ మనం గాలి తగ్గిస్తాం. రోడ్డు మీద 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటి ఉండే టైరుని రాళ్ళ దారిలో 18, 20కి, ఇసుకలో 15 దాకా దించుతాం. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని నేలను పట్టుకుంటుంది, రాయి మీద నుంచి కోసుకుపోకుండా దాని చుట్టూ ఒదుగుతుంది. చక్రం జారకుండా చేసేది ఏ లోహమూ కాదు, ఈ ఒదుగుడే. దానికి బదులుగా సైడ్‌వాల్ నలిగి రిమ్ము రాయికి దగ్గరవుతుంది. ఆ రోజు ఇద్దరం 18కే దించాం. వాడి టైరులో ఇంకా కాస్త దిండు మిగిలింది, నా టైరులో మిగల్లేదు. వాడి రిమ్ముకి తగిలింది మిగిలిన దెబ్బ, నాకు ఇంచుమించు నిండు దెబ్బ. పోత లోహం ఆపైన చేయాల్సింది చేసింది.

కాబట్టి కొత్తగా బండి కొనేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట లోహం గురించి కాదు, సైజు గురించి. బ్రేక్ క్యాలిపర్‌కి (బ్రేకు డిస్కుని నొక్కి పట్టే భాగానికి) తగలకుండా పట్టే వాటిలో అన్నిటికన్నా చిన్న చక్రం, దాని మీద ఎత్తైన సైడ్‌వాల్ ఉన్న టైరు. 16 అలాయ్‌కీ 18 స్టీలుకీ మధ్య ఎంచుకోమంటే రాళ్ళ దారికి నేను కళ్ళు మూసుకుని 16 అలాయే తీసుకుంటాను. షోరూములో మెరిసే పెద్ద చక్రం, సన్నటి టైరు చూసి మనసు లాగుతుంది, నాకూ లాగింది. ఆ అందానికి ధర కొండ మీద కట్టాల్సి వస్తుంది.

లోహం ఒక్కటే తేడాగా ఉన్న బండి కావాలంటే మారుతి జిమ్నీ ఉంది. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన అయిదు తలుపుల జిమ్నీలో జెటా రకానికి స్టీలు, ఆల్ఫాకి అలాయ్. టైరు రెండిటికీ 195/80 ఆర్15. సైడ్‌వాల్ 156 మిల్లీమీటర్లు. ఇక్కడ దిండు సమానం, బండి కూడా తేలిక, అందుకని ప్రశ్న నిజంగా లోహం దగ్గరికి వస్తుంది. వారం వారం రాళ్ళలో తిప్పనివాళ్ళకు కంపెనీ ఇచ్చిన ఆ అలాయ్‌తో ఏ ఇబ్బందీ లేదు. దాన్ని తీసి బయటి అలాయ్ వేయకపోతే చాలు.

బయటి అలాయ్ అన్నాను కదా, అసలు భయపడాల్సింది దానికే. కంపెనీ చక్రాన్ని వంచి, తిప్పి, పక్క నుంచి బరువు పడేసి పరీక్షిస్తారు. పేరున్న డిజైన్‌ని చూసి అచ్చు గుద్దినట్టు పోసిన నకిలీ వీల్‌కి ఆ పరీక్షలు జరిగాయని ఎవరు చెప్పాలి? కొనేటప్పుడు చక్రాన్ని తిప్పి వెనక వైపు చూడండి. పోతలోనే వచ్చిన ఐఎస్ఐ గుర్తు గానీ, జపాన్ వాళ్ళ జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు గానీ ఉండాలి. నకిలీ వాళ్ళు గుర్తులు కూడా పోయగలరు కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి. అక్కడే ఒక్కో చక్రం మోయగల బరువు కిలోల్లో రాసి ఉంటుంది. కార్ల కోసం చేసిన అలాయ్ మీద ఆ అంకె చాలాసార్లు 500, 600 దగ్గరే ఆగుతుంది. నలుగురు మనుషులు, సామాను, పైన క్యారియర్ ఉన్న బండిలో వెనక చక్రాల మీద ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. బండి ఒరిగినప్పుడు, గుంతలో దిగినప్పుడు అది ఇంకా పెరుగుతుంది.

నట్లు పట్టాయి కదా అని చక్రం సరిపోయినట్టు కాదు. జిమ్నీకి అయిదు బోల్టులు, అవి కూర్చునే వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు. ఆ కొలతే వేరే జీపులకూ ఉంది. కానీ మధ్య రంధ్రం జిమ్నీ హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి, చక్రం లోపలికి ఎంత ఉండాలో అంతే ఉండాలి. వెడల్పుగా బయటికి పొడుచుకొచ్చే చక్రం వేస్తే వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, రాయి తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో విదిలిస్తుంది, టైరు మడ్‌గార్డ్ దాటి బురద అద్దాల మీదికి చిమ్ముతుంది. చెకింగ్‌లో ఆపితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ముందుకొస్తుంది, బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని చెప్పేది అదే.

స్టీలు నుంచి అలాయ్‌కి మారినవాళ్ళు మర్చిపోయే చిన్న విషయం నట్లు. స్టీలు డిస్కు నట్ల దగ్గర కాస్త స్ప్రింగులా ఒదిగి బిగువు పట్టి ఉంచుతుంది. మందంగా ఉండే అలాయ్‌లో ఆ ఒదుగుడు లేదు. అందుకే వేసిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో చూపించే పానాతో) మళ్ళీ బిగించి తీరాలి. పైగా కొన్ని అలాయ్‌లకు నట్టు ఆకారమే వేరు. నాలుగు చక్రాలూ అలాయ్, స్టెప్నీ మాత్రం పాత స్టీలు డిస్కు అయినప్పుడు చీకట్లో జాకీ పెట్టి విప్పాక ఆ నట్లు దీనికి కూర్చోవని తెలిస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. పాత నట్లన్నీ ఒక గుడ్డలో కట్టి టూల్ కిట్‌లో పడేయండి.

తుప్పు విషయానికి వస్తే అందరూ స్టీలుని తిడతారు, అది కొంతవరకే నిజం. భీమిలి, సూర్యలంక లాంటి తీరం ఊళ్ళలో ఉప్పు గాలికి స్టీలు డిస్కు రంగు లేచిన చోటల్లా తుప్పు పడుతుంది. గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేస్తే మళ్ళీ కొన్నేళ్ళు వస్తుంది. అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు గానీ పై పూత లేచిన చోట తెల్లటి పొడి కడుతుంది. టైరు ఆనే అంచులో అది కట్టిందంటే పంక్చర్ లేకుండానే వారానికోసారి గాలి దిగుతుంటుంది. ఉప్పునీళ్ళు తగిలిన అలాయ్ స్టీలు హబ్‌కి అతుక్కుపోయి, నట్లన్నీ తీసినా ఊడి రాని సందర్భాలూ ఉంటాయి. ఏ లోహమైనా సముద్రపు ఇసుకలో తిరిగొచ్చిన రోజే మంచినీళ్ళతో లోపలా బయటా కడగాలి.

బురదలోంచి వచ్చాక హైవే ఎక్కి అరవై డెబ్బై దాటగానే బండి వణికితే అలైన్‌మెంట్ పోయిందని కంగారు పడొద్దు. చక్రం లోపలి గుంటలో బురద గట్టిపడి ఒక పక్క బరువవుతుంది. ఒక కర్రతో గీకేస్తే పోతుంది. అలాయ్ లోపల అంటించిన బ్యాలెన్సింగ్ బిళ్ళలు ఆ బురదతో పాటే ఊడి వచ్చేస్తాయి, అప్పుడు మాత్రం షాపుకి వెళ్ళాలి.

టైరు అంచుని బోల్టుల రింగుతో రిమ్ముకి బిగించే బీడ్‌లాక్ చక్రాల గురించి కూడా అడుగుతుంటారు. గాలిని పది పీఎస్ఐ కిందకి దించి నిలువు రాళ్ళు ఎక్కేవాళ్ళవి అవి. అమెరికాలో మోయాబ్ బండల మీద జీపులు నడిపే మన తెలుగు కుర్రాళ్ళకు పనికొస్తాయేమో గానీ, ఇంటి నుంచి ట్రెయిల్ దాకా మూడు వందల కిలోమీటర్లు రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్ళే మనకు ఆ బరువూ, ఆ బోల్టులు చూసుకునే పనీ దండగ.

ఇంతకీ ఏది కొనాలి? నెలకి రెండుసార్లయినా రాళ్ళలోకి, నెట్‌వర్క్ లేని చోటికి వెళ్ళేవాళ్ళయితే చిన్న సైజు స్టీలు. ఇందులో నాకు అనుమానం లేదు. ఏడాదికి రెండు ట్రిప్పులు, మిగతా అంతా ఆఫీసు, హైవే అయితే కంపెనీ అలాయ్ అలాగే ఉంచుకుని, ఎత్తైన సైడ్‌వాల్ వచ్చేలా టైరు చూసుకుని, స్టెప్నీ కూడా అదే కొలతలో పెట్టుకోండి. వీలైతే రెండు సెట్లు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, ట్రిప్పు ముందు రోజు రాత్రి అపార్టుమెంటు కింద జాకీ వేసి మారుస్తారు. నేను ఇప్పుడు 16 స్టీలుకి వచ్చేశాను.

ఒక అలవాటు మాత్రం ఆ జీపు డ్రైవరు దగ్గరే నేర్చుకున్నాను. కొండ దిగి, రోడ్డు ఎక్కి, గాలి పట్టేముందు తలకి లైటు పెట్టుకుని నాలుగు చక్రాల లోపలి వైపు చూస్తాను. నిలబడి చూస్తే కనిపించేది బయటి అంచే. దెబ్బలు ఎక్కువగా తగిలేది లోపలి అంచుకి. బండి కిందికి వంగి, బురద తుడిచి, అంచు చుట్టూ వేలు పోనిస్తాను. ఎక్కడైనా వేలికి గీత తట్టిందంటే ఆ చక్రం అక్కడే విప్పేస్తాను, ఎంత పొద్దుపోయినా సరే.